అమావాస్య నాడు పెనుకొండ

ప్రయాణానికి అమావాస్యే దొరికిందా అని మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తెనాలిలో ఎవరిని అడిగినా ఆమె పక్షమే. మా వైపు అమావాస్య నాడు పక్క ఊళ్ళో చుట్టాలింటికి పోవాలన్నా ముందూ వెనకా ఆలోచిస్తారు. నేను ఏకంగా కొండ ఎక్కడానికి టికెట్టు తీశాను.

కారణం లేకపోలేదు. అనంతపురం డిగ్రీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్న నలుగురిలో ఓబుళేసు ఒకడు. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. నేతగాళ్ళకు ఆదివారాలు ఉండవు, అమావాస్య ఒక్కటే సెలవు. ఆ రోజు మగ్గం మీద కూర్చోరు. కాబట్టి అతనితో కలిసి కొండెక్కాలంటే పంచాంగం ముందు పెట్టుకుని మరీ చెడ్డరోజు వెతుక్కోవాలి.

రెండోవాడు తిప్పేస్వామి. హిందూపురం దగ్గర పల్లెలో మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచుతాడు. మూడోవాడు మస్తాన్, పెనుకొండలో ఆటో నడుపుతాడు. నాలుగోవాణ్ణి నేను. నాకు ఎరువుల కొట్టుంది. కొట్టులో పొద్దస్తమానం కూర్చుని పెంచిన పొట్ట కూడా ఉంది.

కొండ ఎక్కాలన్న సరదా పైకి చెప్పుకున్న మాట. అసలు సంగతి, ఓబుళేసూ తిప్పేస్వామీ ఆరేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. తిప్పేస్వామి తన కూతురు సింధు పెళ్ళికి తన పట్టుగూళ్ళతోనే, తెలిసినవాళ్ళ దగ్గర దారం తీయించి, ఆ దారం ఓబుళేసుకు ఇచ్చి చీర నేయమన్నాడు. నాయన పెంచిన పట్టు, నాయన స్నేహితుడు నేసిన చీర. ఊరంతా చెప్పుకున్నాడు. పెళ్ళి రోజు ముహూర్తం దగ్గర పడింది, చీర రాలేదు. పిల్ల ఆఖరి నిమిషంలో అంగట్లో తెచ్చిన చీర కట్టుకుని పీటల మీద కూర్చుంది. ఓబుళేసు మర్నాడు మధ్యాహ్నం చీర తెచ్చి ఇచ్చి, ఒక్క మాటా చెప్పకుండా తల వంచుకుని వెళ్ళిపోయాడట. అంతే. మళ్ళీ ఫోను లేదు, పలకరింపు లేదు.

మా నలుగురికీ అరవై దగ్గర పడుతోంది. ఇప్పుడు కలపకపోతే ఇంకెప్పుడు కలుపుతామని నేనూ మస్తానూ అనుకున్నాం. ఇరుకు దారిలో ముందొకరూ వెనకొకరూ నడుస్తుంటే ఎంతసేపని మూతి ముడుచుకుంటారు?

హిందూపురం

రైలు దిగగానే ఆకలి. బస్టాండు దగ్గర ఒకాయన తట్టె ఇడ్లీలు దించుతున్నాడు. ఒక్కొక్కటి మా ఇంట్లో పెరుగు గిన్నె మీద పెట్టే మూతంత ఉంది. రెండు ఇడ్లీలు నలభై రూపాయలు. మా తెనాలి ఇడ్లీకి అల్లప్పచ్చడీ కారప్పొడీ లేకపోతే నోట్లోకి దిగదు. ఇక్కడ పల్చటి కొబ్బరి చట్నీ, పైన వెన్న ముద్ద. వెన్న వేస్తే ఏదైనా బాగానే ఉంటుందని నా అభిప్రాయం. ఆయన మొదట కన్నడంలో ఏదో అడిగాడు. నేను బిక్కమొహం వేస్తే తెలుగులోకి వచ్చి, "ఐదువందల నోటు వద్దప్పా, చిల్లర దుడ్లు ఉంటే ఇయ్యి" అన్నాడు. డబ్బులకు దుడ్లు అనడం అక్కడ మామూలే. నా జేబులో చిల్లర లేదు. పక్కన టీ తాగుతున్న ముక్కూమొహం తెలియని మనిషి ఆ నలభై ఇచ్చేసి, "మా ఊరికొచ్చినావు, పో" అని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

తిప్పేస్వామి పురుగుల షెడ్డు చూపిస్తానని తీసుకుపోయాడు కానీ లోపలికి రానివ్వలేదు. నేను సెంటు కొట్టుకుని ఉన్నాను. ఆ వాసన పురుగులకు పడదట. "ఏమప్పా, పెండ్లికొడుకు మాదిరి వచ్చినావు. పో, నీళ్ళు పోసుకొని రాపో" అని తొట్టి దగ్గరికి తోలాడు. స్నేహితుడి ఇంటికి పోయి పురుగుల కోసం స్నానం చేసిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.

లోపల వెదురు తట్టల మీద లక్షల పురుగులు. అవి ఆకు తినే చప్పుడు వినమన్నాడు. చెవి ఒగ్గితే నిజంగానే వినిపించింది. తిప్పేస్వామి ఆ షెడ్డులో మరో మనిషి. గొంతు తగ్గించి మాట్లాడతాడు, వేళ్ళతో గాలి ఎటు వస్తోందో చూస్తాడు. ఒక గూడు నా చేతిలో పెట్టి, "వాన తడి తగలకూడదు, ఎండ సెగ తగలకూడదు, ఆకు పొద్దున కోసిందే వెయ్యల్ల. పసిబిడ్డలైనా ఇంత సతాయించరు" అన్నాడు. ఆ గర్వం చూస్తే ముచ్చటేసింది.

పెనుకొండకు బయల్దేరేముందు మెల్లగా ఓబుళేసు పేరెత్తాను.

"నీ కోసరం వస్తాండా, మస్తాన్ కోసరం వస్తాండా. ఆయన కోసరం కాదు" అన్నాడు.

హాస్టల్లో ఒకరి చొక్కాలు ఒకరు వేసుకున్నవాళ్ళు. 'ఆయన' అనేసరికి నాకు కష్టమనిపించింది.

పెనుకొండ

మా డెల్టాలో ఇంటి పునాదికి రాయి కావాలంటే లారీలో రావాలి. పెనుకొండలో రాళ్ళ మధ్య ఖాళీ చూసుకుని ఊరు కట్టుకున్నారు. కొండ ఊరి మీదికి వంగి చూస్తున్నట్టే ఉంటుంది. బండరాళ్ళను అక్కడ గుండ్లంటారు. గుండు మీద గుండు, మధ్యలో కోట గోడలు, ఎక్కడో పైన చిన్న తెల్లటి చుక్కలా గుడి.

ధర్మవరం నుంచి ఓబుళేసు సాయంత్రం బస్సుకు వచ్చాడు. బక్కగా, కొంచెం ముందుకు వంగి నడుస్తాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నలభై ఏళ్ళు కూర్చున్న నడుం మరి. మమ్మల్నందరినీ మస్తాన్ దర్గాకు తీసుకెళ్ళాడు. అక్కడ చక్కెర చదివించడానికి వచ్చినవాళ్ళలో సగం మంది బొట్టు పెట్టుకున్నవాళ్ళే. ఇంటికొచ్చాక మస్తాన్ భార్య రాగి సంగటి, కోడికూర, ఊరుబిండి పెట్టింది. వేయించిన వేరుశనగపప్పూ మిరపకాయలూ నూరిన ఆ పచ్చడి కోసం మళ్ళీ పెనుకొండ పోవచ్చు. అనంతపురంలో ఉన్నన్నాళ్ళూ సంగటి ముట్టని నాకు, నమలకూడదు, మింగాలి అని ముగ్గురూ కలిసి నేర్పారు. ముగ్గురూ అన్నానే కానీ, ఇద్దరు చెరో వైపు నుంచి నాకే చెప్పారు.

"మూర్తీ, ఆయనకు ఇంకో ముద్ద కావాల్నేమో అడుగు" అన్నాడు తిప్పేస్వామి.

"చాలని చెప్పు మూర్తీ" అన్నాడు ఓబుళేసు.

వాళ్ళిద్దరి మధ్యా అడుగు దూరం కూడా లేదు.

రెండో గోడ దాకా

పొద్దున్నే బయల్దేరాం. మరమరాలు తాలింపు పెట్టిన ఉగ్గాని, బజ్జీలు పొట్లం కట్టించుకున్నాం. నలుగురికీ కలిపి నూట అరవై. మొదటి ద్వారం దగ్గరే కోతి వచ్చి ఆ పొట్లం చక్కగా, తొందర లేకుండా, నా చేతిలోంచి తీసుకుంది. నేను అరిచిన అరుపుకు మస్తాన్ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

ఎండ ఎక్కకముందే ఒళ్ళంతా చెమట. బండ మీద తొలిచిన మెట్లు కొన్నిచోట్ల మోకాలెత్తు. ఊపిరి అందక నేను ప్రతి మలుపులోనూ చరిత్ర మీద ఆసక్తి చూపించి, కోట గోడ నిమురుతూ నిలబడ్డాను. రెండో గోడ దగ్గర మస్తాన్ చతికిలబడ్డాడు.

"నా మోకాళ్ళు ఈడికేనబ్బా. మీరు పోండి. కొంచెం పైన పెద్ద గుండు మీద సున్నం గీత ఉంటాది. ఆడ కుడికి తిరగల్ల. ఎడమకు పోతే మేకల దారి, యాడికీ పోదు" అన్నాడు. నాకు మాత్రం కన్ను గీటాడు. మోకాళ్ళ నొప్పి సగం నిజం, సగం పన్నాగం.

ఆ గుండు దగ్గరికి వచ్చేసరికి నా కుడి బూటు అట్ట ఊడి, నోరు తెరిచి వేలాడింది. ఓబుళేసు కూర్చుని, జేబులోంచి దారపు ఉండ తీసి నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాడు. ఇంటికొచ్చాక ఆ ముడి విప్పడం నా వల్ల కాక కత్తిరించాను. ఈ బూటు గొడవలో ముగ్గురం గుండుకు ఆనుకునే కూర్చున్నాం, గీత మా వీపుల వెనకే ఉండిపోయింది. లేచి ఎడమకు నడిచాం.

మేకల దారి

అరగంట పైన ఎక్కాక దారి ఒక బండ అంచున ఆగిపోయింది. ముందు లోయ. పైన, పెద్ద పెద్ద గుండ్ల అవతల, గుడి గోడ కనిపిస్తోంది. చెయ్యి చాస్తే అందేలా ఉంది.

"ఈ గుండ్ల మీద పడి పోదాం. పది నిమిషాలు" అన్నాడు తిప్పేస్వామి, నాతో.

ఓబుళేసు అప్పటికే వెనక్కి తిరిగాడు. "తప్పు యాడ పడిందో ఆడికి పోవాల మూర్తీ. గీత కాడికి దిగి మళ్ళా ఎక్కాల."

నాకు ఏడుపొచ్చింది. అంత దూరం దిగి మళ్ళీ ఎక్కడమా? నేను నోరు తెరిచేలోపే తిప్పేస్వామి గిర్రున తిరిగాడు. ఆరేళ్ళలో మొదటిసారి ఓబుళేసు మొహంలోకి చూసి మాట్లాడాడు.

"నీది ఎప్పుడూ ఇంతే కదా! గుడి ఎదురుగా కనపడ్తాంటే వెనక్కి పోతాండావు. అందరూ పోయి దండం పెట్టుకొని వచ్చినాక నువ్వు నిదానంగా వస్తావు. నా బిడ్డ ముహూర్తానికీ అట్లే వస్తివి!"

అని ఆగకుండా ఆ గుండు మీదికి ఎక్కడం మొదలుపెట్టాడు. నిలువెత్తు ఎక్కాడో లేదో కాలు జారింది. మోచేతులతో రాయిని కరుచుకుని ఉండిపోయాడు. పైకి పోలేడు, కిందికి దిగలేడు. ఓబుళేసు గుండు కింద వీపు ఆనించి నిలబడి, "నా భుజం మీద కాలు పెట్టు" అన్నాడు. తిప్పేస్వామి పెట్టాడు. మెల్లగా దిగాడు. అరచేతులు గీరుకుపోయి రక్తం వచ్చింది. కడగడానికి నేను నీళ్ళు పోశాను.

తర్వాత ఓబుళేసు నేల చూస్తూ చెప్పాడు.

"పోగు తెగింది. నేను చూసుకోలేదు. మూడు మూరలు నేసినాక కనపడె, అంచు పక్కన సన్నగా గీత. విప్పినా."

"ఏంది విప్పేది?"

"నేసిందంతా. ఒక్కొక్క పోగూ ఎనక్కి తీసుకుంటా పోయినా, తప్పు పడిన తావు దాకా. నేసేదాని కంటే విప్పేది లేటు."

తిప్పేస్వామి అరచేతిని ఊదుకుంటూ అడిగాడు. "ఆ గీత నాకు కనపడేదా?"

"నీకు కనపడదు."

"పాపకు?"

"చెప్తే కనపడ్తాది. చెప్పకపోతే లేదు."

"అయితే అట్లే ఇచ్చింటే ఏమప్పా!"

"ఎట్ల ఇస్తాం? పెండ్లిచీర కదా" అన్నాడు ఓబుళేసు. "అంత వరకు కోసి పారేసి ఇంకోటి నేద్దామంటే, అది నీ గూళ్ళ రేషం. ఇంకోటి యాడిది?" పట్టుదారాన్ని వాళ్ళు రేషం అంటారు.

తన చీరలో తప్పు పడిందని పెళ్ళివారికి చెప్పడం నేతగాడికి పెద్ద తలవంపట. చెబితే ఆ పిల్ల కట్టుకున్నప్పుడల్లా కళ్ళు అక్కడికే పోతాయి. అందుకని నోరు మూసుకున్నాడు. ఎరువుల కొట్టు వాణ్ణి, నాకు ఈ పట్టింపు అర్థం కావడానికి కొంత టైము పట్టింది. బస్తా చినిగితే దారంతో కుట్టి అమ్మేసే వ్యాపారం నాది.

వెనక్కి దిగాం. ఈసారి తిప్పేస్వామి మారు మాట్లాడలేదు. సున్నం గీత దాకా దిగి, కుడికి తిరిగి, మళ్ళీ ఎక్కాం.

పైన

పైన గాలి కొట్టింది చూడండి, తిట్టుకున్న తిట్లన్నీ మర్చిపోయాను. ఎంత చూసినా ఆగని నేల. ఎండిన చెరువులు, వేరుశనగ చేలు, రైలు పట్టాలు, దూరంగా ఫ్యాక్టరీ షెడ్ల తెల్లటి కప్పులు. మా వైపు కొబ్బరిచెట్టు అడ్డం వచ్చి పక్క పొలం కూడా కనపడదు.

నరసింహస్వామి గుడి ముందు మేకలు కాసే అవ్వ ఒకామె కూర్చుని ఉంది. మా వాలకం చూసి, "మేకల దారిలో పోతిరా? పోయిన వారం ఎవరో బెంగుళూరోళ్ళు పిల్లోళ్ళు అట్లే పోయిరి. గుండంత గుండు మీద గీత కొడితే ఒకరికీ కనపడదు" అని కడుపారా తిట్టి, తన డబ్బాలో ఉన్న చిత్రాన్నం ఆకులో పెట్టి మా ముగ్గురికీ పంచింది. ఆమెకేం మిగిలిందో నేను చూడలేదు, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది. డబ్బు ఇవ్వబోతే, "కొండ మీద దుడ్లు ఏం చేసుకునేది?" అంది.

చేతులు మండుతుంటే తిప్పేస్వామి అన్నం కలపలేకపోయాడు. ఓబుళేసు ఏమీ అనకుండా కలిపి ముద్దలు చేసి ఆకులో అతని వైపు పెట్టాడు. తిన్నాడు. కానీ దిగేటప్పుడు నా పక్కనే నడుస్తూ గొణిగాడు: "ఒక్క పోగుకు నా బిడ్డ పెండ్లి చెడగొడ్తాడా మూర్తీ? నాకు లోపల దిగుతాలేదు." కొండ ఎక్కి వచ్చినా పని సగంలోనే ఉందని నాకు అర్థమైంది.

ధర్మవరం

మర్నాడు నా రైలు ధర్మవరం నుంచి. నన్ను ఎక్కించే వంకతో మస్తాన్ అందరినీ ఆటోలో వేసుకుని ఓబుళేసు ఇంటికి తోలాడు. తిప్పేస్వామి ఆటో దిగనన్నాడు. ఓబుళేసు భార్య నారాయణమ్మ వాకిట్లోకి వచ్చి, "అన్నా, ఈడికొచ్చి మజ్జిగ తాగకుండా పోతావా?" అనేసరికి దిగక తప్పలేదు.

ఆ వీధిలో ఇంటికో మగ్గం చప్పుడు. అమావాస్య వెళ్ళిపోయింది, ఓబుళేసు మమ్మల్ని గుమ్మం పక్కన అరుగు మీద కూర్చోబెట్టి లోపల గుంతలోకి దిగాడు. అరటిపండు రంగు చీర. కాళ్ళతో తొక్కుతుంటే పైన నమూనా చిల్లులున్న అట్టలు తిరుగుతూ, అంచులో నెమలి ఒక్కో పోగూ పైకి లేస్తోంది. మా ఇళ్ళలో ముందుగదిలో సోఫా ఉంటుంది. వాళ్ళ ముందుగది మొత్తం మగ్గమే, మనుషులు పక్కగా సర్దుకుంటారు.

మజ్జిగ ఇస్తూ నారాయణమ్మ తిప్పేస్వామి అరచేతులు చూసింది. కొండ మీద ఏం జరిగిందో మస్తాన్ చెప్పాడు. ఒక్క పోగు తెగి, చూసుకోక మూడు మూరలు విప్పానని ఓబుళేసు చెప్పిన మాట కూడా చెప్పాడు.

"ఒక్క పోగా!" అందామె. చేతిలో చెంబు కింద పెట్టింది. "గంటకు పది తెగుతాండె అన్నా. ఆ రేషం పట్టుకుంటే తెగుతాది, పట్టుకోకపోతే తెగుతాది. నేనూ మా అత్తా ఈయనకు అటొకరు ఇటొకరు కూర్చొని అతికిస్తానే ఉంటిమి. వేరే రేషం వేసి నేసిచ్చెయ్, వాళ్ళకేం తెలుస్తాది అని నేనంటే నా మీద అరిచె. తిప్పేసామి తన గూళ్ళని ఊరంతా చెప్పుకున్నాడు, వేరేది ఎట్ల వేస్తానని."

లోపల మగ్గం ఆగింది.

నేను మస్తాన్ వైపు చూశాను, మస్తాన్ గోడ వైపు చూశాడు. తిప్పేస్వామి గ్లాసు పక్కన పెట్టి, లేచి వెళ్ళి మగ్గం గుంత అంచున కూర్చున్నాడు.

"నా గూళ్ళు బాగలేకుండెనా?"

"బాగానే ఉండె" అన్నాడు ఓబుళేసు, చీర మీద నుంచి తల ఎత్తకుండా. "నా చెయ్యే సరిగ్గా ఆడలే."

"ఆ తూరి వాడిన ఆకు వేసినా" అన్నాడు తిప్పేస్వామి. గొంతు షెడ్డులో మాట్లాడినంత చిన్నగా ఉంది. "పెండ్లి పనుల్లో పడి మూడు రోజులు పొద్దున కొయ్యలే. ఎండకు వాడిపోయిన ఆకే వేసినా. గూడు కట్టినెప్పుడే పల్చగా ఉండె, నాకు తెలుసు. తెలిసే నీకు పంపినా. నాకు తెలుసు ఓబులా. ఇప్పుడన్నా నిజం చెప్పు."

ఓబుళేసు పోగును అటూ ఇటూ దాటించే నాడెను చీర మీద పెట్టాడు.

"అధ్వానంగా ఉండె" అన్నాడు చివరికి. "నేను మగ్గం ఎక్కినప్పటి నుంచి అంత చెడ్డ రేషం చూడలే."

తిప్పేస్వామి నవ్వాడు. పక్కింటి మగ్గం కూడా ఆగిపోయేంత గట్టిగా నవ్వి, గీరుకుపోయిన అరచేత్తోనే కళ్ళు తుడుచుకుని, ఆ మంటకు మళ్ళీ తిట్టుకున్నాడు. ఓబుళేసు వీపు మీద ఒక్కటి చరిచాడు.

"ఆ మాట ఆ పొద్దే నా మొగాన చెప్పింటే ఏం పోయెరా నీకు?"

"పెండ్లి ఇల్లు కదరా" అన్నాడు ఓబుళేసు.